నాలుగువందల పదిహేడు

ఈ శుక్రవారం నాకు పాసు దొరికింది,
మూడేళ్ళ కింద నేను కట్టిన ఇళ్ళని
చూసి రావడానికి.

కట్టిన అంటే తప్పు. కూర్చిన.
రస్ అల్ ఖైమా ఒడ్డున, ఉప్పు తేలిన నేల మీద
పదకొండు కంటెయినర్లు దింపారు ఆ ఎండల్లో.
తలుపు తీస్తే చెదల మందు వాసన,
దాని అడుగున ఎక్కడిదో తడిసిన వాన వాసన.
ఫిలిప్పీన్స్ ఇళ్ళు మూడు, మోపులు కట్టి ఉన్నాయి.
ఒక్కో చెక్క మీద తెల్లరంగుతో ఒక అంకె.
షౌకత్ భాయ్ కాగితం చూసి కేకేసేవాడు,
నేనూ పైడయ్యా వెతికి మోసేవాళ్ళం.
ఒక వంశం పడుకున్న గది
మాకు రెండొందల మూడు నుంచి రెండొందల నలభై దాకా.

ఇవాళ చల్లటి హాల్లో
కాళ్ళకి గుడ్డ తొడుగులేసుకుని వరసలో నేనూ ఒకణ్ణి.
ముందు లుజ్విమిందా నడుస్తోంది.
మూడు దీవుల పేర్లు తుంపి కుట్టిన పేరట తనది.
మెస్సులో మాకు లుజ్.
ఇక్కడ మాత్రం మెడలో బ్యాడ్జీ, గొంతులో ఇంకెవరిదో గొంతు:

"కింద రాయి, పైన కలప.
కింద బండ్లూ ధాన్యమూ, పైన యజమానులు.
ఈ కిటికీకి అద్దాలు లేవు, చూడండి,
పల్చగా అరగదీసిన సముద్రపు చిప్పలు."

ఒక ముసలి అరబ్బు ఆగాడు. గోటితో చిప్పని మీటాడు.
వాళ్ళ తాత ముక్కు బిగించుకుని
ముత్యాల కోసం ఈ నీళ్ళలోనే మునిగేవాడట.
"మేం చిప్పలు పారేశాం," అన్నాడు,
"వీళ్ళు వాటితో వెలుగు వడగట్టుకున్నారు."
ఫొటోలు తీసుకునేవాళ్ళు కాస్త పక్కకి జరగమన్నారు ఆయన్ని.

పెద్ద కిటికీ కింద ఇంకో బుల్లి కిటికీ ఉంటుంది,
నేల మీద పడుకున్నవాడికి గాలి తగలాలని.
దాన్ని సిలికాన్ కొట్టి మూసింది మేమే.
ఏసీ బయటికి పోకూడదు కదా.
"ఇంటి ముక్కు మూస్తున్నాం రా," అన్నాడు పైడయ్య ఆ రోజు.
కంపెనీ మారి సోహార్ వెళ్ళిపోయాడు తను.
మాట ఇక్కడే ఉండిపోయింది.

మెట్ల దగ్గర లుజ్ చెబుతోంది,
"నూటయాభై ఏళ్ళ కలప. ప్రతి ముక్కా అసలుదే."
నా వైపు చూడదు.

నాలుగువందల పదహారు తర్వాత
నాలుగువందల పద్దెనిమిది వచ్చింది మాకు.
మధ్యది ఏ రేవులో జారిందో, ఏ పొయ్యిలో అన్నం వండిందో.
మూడు రోజులు వెతికి
ప్యాకింగ్ పెట్టెల్లోంచి ఒక మంచి చెక్క ఏరి
చిత్రిక పట్టి, టీ డికాషన్ పూసి
దాన్ని రాత్రికి రాత్రి ముసలిదాన్ని చేశాను.
తొమ్మిదో మెట్టు.
మిగతావన్నీ కాలు పడితే కిర్రుమంటాయి.
అదొక్కటీ ఊపిరి బిగబట్టుకుంటుంది,
కాగితాల్లేనివాడు చెకింగులో నిలబడ్డట్టు.

అందరూ జ్యూసు కోసం కిందికి పోయాక
లుజ్ బీరువా వెనక నుంచి ఒక కొబ్బరి డొక్క తీసింది.
బోర్లించి, దాని మీద పాదం పెట్టి
నడుం తిప్పుతూ ముందుకీ వెనక్కీ,
నేల తోముతోంది!
మా కోనసీమలో డొక్కలు ఎండబెడతాం, తాడు పేనతాం, పొయ్యిలో పెడతాం.
ఎక్కి ఆడొచ్చని ఎవరికీ తోచలేదు.

"మా అమ్మమ్మ ఇలాంటి ఇంట్లో పనిమనిషి," అంది,
ఈసారి మెస్సులో గొంతుతో.
"నేల తోమడానికే పైకి రానిచ్చేవాళ్ళు.
తోముకుంటూ తోముకుంటూ దిగిపోవాలి,
తన అడుగులు తనే చెరుపుకుంటూ."

దిగుతోంది ఒక్కో మెట్టూ. కిర్రు. కిర్రు.
తొమ్మిదో దాని మీద ఆగింది.
"ఇది నీదేగా?"
ఎలా తెలిసిందన్నాను.
"ఎంత రుద్దినా మెరుపు పట్టదు ముండకి," అంది,
పాదం మార్చి మళ్ళీ మొదలెట్టింది.

బయట మా క్యాంపు బస్సు హారను.
నేను కదల్లేదు.
తన చెప్పులు చేత్తో పట్టుకుని
పదో మెట్టు మీద కూచున్నాను.